చల్లారేదాకా

ఎర్ర కారు మళ్ళీ వచ్చింది.

హారన్ వినగానే భిక్షపతి తుడుస్తున్న పానాని పక్కన పడేశాడు. ముషీరాబాద్ సందులోని ఆ షెడ్డుకి వచ్చే బండ్లలో అంత మర్యాదగా హారన్ కొట్టేది అదొక్కటే. రెండే సీట్లు, నేలను రాసుకుంటున్నట్టుండే ఒళ్ళు, ఇంజను వెనక, రేడియేటర్ ముందు. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంటుంది. ఎండలో కాసేపు తిప్పితే మాత్రం వేడి చూపించే సూది పైకి లేస్తుంది, ఇంజనును చల్లబరిచే పచ్చటి కూలెంట్ నీళ్ళ డబ్బా ఖాళీ అవుతుంది. ఆ కూలెంట్ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. రేడియేటర్ మూత మార్చాడు. థర్మోస్టాట్ మార్చాడు. వాటర్ పంపు మార్చాడు. మార్చిన ప్రతిసారీ బండి కొన్నాళ్ళు బుద్ధిగా తిరిగేది. అమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడేది. భిక్షపతి ఇంజను కాలుతుండగానే కిందికి దూరి, టార్చి కొట్టి, సందు సందూ వెతికేవాడు. ఏ లీకైనా వేడి మీదే బయటపడుతుందనేది మెకానిక్కులందరికీ తెలిసిన సంగతి. కానీ ఒక్క చుక్క కూడా కనబడేది కాదు. సాయంత్రం కాగానే కారు అడుగుని కప్పే రేకు బిగించి, డబ్బా నింపి, ఓనర్ చేతిలో తాళం పెట్టేవాడు.

ఓనర్ చంద్రహాస్‌గారికి టైల్స్ వ్యాపారం. చిన్నప్పటి కోరిక తీర్చుకుందామని యాభై దాటాక ఈ పాత స్పోర్ట్స్ కారుని ఎక్కడెక్కడో వెతికి కొనుక్కున్నాడు. ఇన్నిసార్లు తిప్పించుకున్నా ఆయన ఒక్కసారి కసరలేదు. అదే భిక్షపతి ప్రాణానికొచ్చింది. తిట్టే మనిషికైతే ఏదో ఒక జవాబు చెప్పొచ్చు. నమ్మే మనిషికి ఏం చెప్తాం?

"మా పోర్టికోల అన్ని తెల్ల టైల్సే భిక్షపతీ," అనేవాడాయన. "పొద్దున లేవంగనే కారు కింద వంగి చూస్తున్న. ఒక్క మరక లేదు. నీళ్ళేమో తక్కువైతున్నయి."

కిందటిసారి వచ్చినప్పుడు భిక్షపతి ఇక ఉండబట్టలేక అనేశాడు. "లోపలనే కాలిపోతున్నది సార్. హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజను విప్పుడే."

చాలా ఖాయంగా అన్నాడు. ఇంజను లోపల నీళ్ళు దారి తప్పకుండా ఆపే పొర ఆ గాస్కెట్. అది పోతే పొగగొట్టంలో తెల్లపొగ రావాలి, ఆయిల్లో నీళ్ళు కలవాలి. రెండూ లేవు. అతను రెండూ చూశాడు, చూసి కూడా అన్నాడు. తెలీదు అని ఒప్పుకుంటే మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. వెతికే ఓపిక అతనిలో అయిపోయింది. చంద్రహాస్‌గారు కాసేపు కారు వంక చూసి, "నువ్వు చెప్తే అంతే," అన్నాడు. ఆ బండికి గాస్కెట్ ఇక్కడ దొరకదు. ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చేదాకా అది ముక్కలై మూలన పడి ఉండాల్సిందే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసే ఇవాళ బండి తెచ్చి వదిలి వెళ్ళాడు.

ఇంకొకటి కూడా ఉంది, అది ఆయనకు తెలీదు. భిక్షపతి బావమరిది యాదయ్య ఒక కంపెనీలో బస్సులు చూసుకుంటాడు. అక్కడ డ్రైవర్ పని ఒకటి ఖాళీ అయింది. పొద్దున ఎక్కి కూర్చుంటే సాయంత్రం దిగడమే, రిపేరొస్తే ఇంకెవరో చూసుకుంటారు. "రేపు సాయంత్రం లోపల చెప్పాలె బావా, లేకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటరు," అని నిన్ననే ఫోన్ చేశాడు. భిక్షపతి రాత్రంతా దొర్లి, పొద్దున్నే తేల్చుకున్నాడు. ఈ ఎర్ర కారే ఆఖరు. దీని తర్వాత షెడ్డు మూసేయడమే.

మూసేయడం చెప్పినంత తేలికేమీ కాదు. ఆ షెడ్డు అతని సొంత కష్టంతో పెట్టింది కాదు. వహీద్ ఉస్తాద్ పెట్టింది. పానా పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పి, కళ్ళకు పొరలు కమ్మాక తాళంచెవి తీసి శిష్యుడి చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది. మూస్తే ఆ పేరు కూడా దిగిపోతుంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంజను విప్పాల్సి వచ్చినా మొదటి బోల్టు ఉస్తాద్ చేత్తోనే కదలాలి. ఆ తర్వాతి పని ఎవరైనా చేసుకోవచ్చు. ఉస్తాద్‌కి వాళ్ళ ఉస్తాద్ చెప్పిన పద్ధతట. అందుకని ఎర్ర కారుని షెడ్డు మధ్యలోని రిపేరు గుంత మీద నిలిపి, వెనక మూత ఎత్తి, అడుగు రేకు ఊడదీసి, భిక్షపతి మసీదు వెనక సందులోకి నడిచాడు. సలహా అడగడానికి కాదు. బోల్టు కోసమే.

ఉస్తాద్ గడపలో నవారు మంచం మీద కూర్చుని కళ్ళలో చుక్కల మందు వేయించుకుంటున్నాడు. కోడలు మందు సీసా మూత పెట్టి లోపలికెళ్ళింది.

"ఉస్తాద్, ఒక ఇంజను విప్పాలె. మీరొక్కపారి రావాలె."

"ఏమైంది దానికి?"

"గాస్కెట్ పోయింది."

"చూసినవా?"

భిక్షపతి మంచం కింది చెప్పుల వంక చూశాడు. "చూసిన," అన్నాడు.

ఉస్తాద్ లేచాడు. కాళ్ళతోనే వెతుక్కుని చెప్పులు తొడుక్కున్నాడు. దారి పొడవునా శిష్యుడి భుజం మీద చెయ్యేసి నడిచాడు. ఆ చెయ్యి బరువుకే భిక్షపతికి ఏడుపొచ్చినంత పనైంది. మనిషి అలిసిపోయి ఉన్నప్పుడు అలాగే ఉంటుంది, ఎవరు ముట్టుకున్నా కారిపోతాడు.

షెడ్డులో పానాలన్నీ గుడ్డ మీద వరసగా పరిచి ఉన్నాయి. ఉస్తాద్ ఇంజను దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడే నడిపినవా?"

"సార్ దిగంగనే ఒక చక్కర్ కొట్టొచ్చిన. సూది మల్ల లేసింది."

"వేడి మీద హెడ్డు విప్పితే వంకర పోతది."

"తెల్సు ఉస్తాద్. ఫ్యాన్ పెడుత. రేడియేటర్ మీద నీళ్ళు కొడుత. జల్ది చల్లారుతది."

"వద్దు."

"అయితే కూలెంటన్న దించుకుంట. పని ఒడుస్తది."

"ఏం దించకు. ఏం ముట్టకు. దానంతట అదే చల్లారనియ్యి."

అని ఉస్తాద్ ఒక పాత టైరు మీద చతికిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు.

భిక్షపతికి కూర్చోవడం చేతకాదు. షెడ్డులో బండి ఊరికే నిలబడి ఉంటే అతనికి ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. ఎప్పుడైనా వేడి బండి వస్తే ముందు నీళ్ళు, ఆ వెనకే ఫ్యాన్, అది చల్లారేలోపు ఇంకో బండి మూత ఎత్తడం. షెడ్డంటే అలాగే నడవాలనుకునేవాడు. ఇప్పుడు పానాలు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. ఒకాయన స్కూటర్ ఆపి బ్రేకు చూడమంటే, "ఇయ్యాల బంద్," అని విసుక్కుని పంపించేశాడు. ఉస్తాద్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడో, వింటున్నాడో తెలీదు.

ఇంజను టిక్కు టిక్కుమంటోంది. చల్లారే ఇనుము చేసే చప్పుడది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నదే అయినా ఈరోజు భిక్షపతికి తనను ఎవరో వెక్కిరిస్తున్నట్టనిపించింది.

ఉస్తాద్ నమాజుకి వెళ్ళి వచ్చాడు. భిక్షపతి టిఫిన్ డబ్బా విప్పి ఆయన ముందు పెట్టాడు. అన్నం, పుంటికూర పప్పు. తనకేమీ సయించడం లేదన్నాడు. ఉస్తాద్ బలవంతం చెయ్యలేదు, నింపాదిగా కలుపుకుని తినసాగాడు.

ఆ తినడం చూస్తుంటే భిక్షపతికి మాట ఆగలేదు.

"ఉస్తాద్, మీకొకటి చెప్పాలె. నేను షెడ్డు ఇడిసిపెడుతున్న."

ఉస్తాద్ నములుతూనే ఉన్నాడు.

"ఇది అయినంక ఇగ చెయ్య. నాతోని అయితలేదు. డ్రైవర్ పనున్నది, పోత. ఇంటికి పోయినా ఇదే లొల్లి నా తలకాయల. మొన్న పిల్ల బొమ్మ కారు పట్టుకొచ్చి చెక్రం ఊడింది నాయినా అంటే, కొట్టినంత పని చేసిన. బెదిరిపోయింది పిల్ల. గసొంటోడిని కాను నేను. మీకు తెల్సు కదా."

ఉస్తాద్ వద్దంటాడనుకున్నాడు. లేదా తిడతాడనుకున్నాడు. బోర్డు మీది తన పేరు గుర్తు చేస్తాడేమోనని భయపడ్డాడు కూడా.

"పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నాడు ఉస్తాద్.

భిక్షపతికి ఒళ్ళు మండింది. ఇంత చెప్తే ఇదా? మనసులో ఉన్నదంతా తెచ్చి ముందు పోస్తే, ఉప్పు గురించా? ముసలాయనకు చెవులు కూడా పోయాయేమో. లేచి డబ్బా కడిగి ధబీమని బల్ల మీద పెట్టాడు.

"బేటా," అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి. "సక్కగ పండుకుని ఎన్నాళ్ళయింది?"

"యాదికి లేదు."

"గుంతల చల్లగుంటది. పో."

"మరి ఇంజను?"

"అదేడికి పోతది?"

ఎండాకాలం మధ్యాహ్నాలు మెకానిక్కులు బండి కింది గుంతలోకి దిగి ఒరగడం మామూలే. షెడ్డు మొత్తంలో చల్లగా ఉండే చోటు అదే. భిక్షపతి కోపంగానే ఒక అట్ట లాక్కుని దిగాడు. అట్ట పరిచి వెల్లకిలా పడుకున్నాడు. పైన ఎర్ర కారు నల్లటి కడుపు, దాని మధ్యగా ముందు నుంచి వెనక్కి పోయే పొడుగాటి పైపులు. టిక్కు. కాసేపటికి మళ్ళీ టిక్కు. సాయంత్రం యాదయ్యకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటూ, సగం మాటలో నిద్రపోయాడు.

చెంప మీద ఏదో పడితే మెలకువొచ్చింది.

చెమట అనుకుని తుడుచుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అదే చోట మళ్ళీ పడింది. ఈసారి వేలితో తీసి వాసన చూశాడు. తియ్యగా, కాస్త వెగటుగా, కూలెంట్ వాసన. లేచి కూర్చున్నాడు. టార్చి కోసం తడుముకున్నాడు.

పొడుగాటి ఇనప పైపు ఇంజను దగ్గరికొచ్చి రబ్బరు పైపులోకి దూరే చోటది. పైన పట్టీలా చుట్టిన క్లాంపు బిగుతుగానే ఉంది. ఇంతకుముందు చాలాసార్లు చేత్తో లాగి చూసిన క్లాంపే. దాని అంచున పచ్చటి చుక్క ఒకటి నెమ్మదిగా ఊరి, పెద్దదై, రాలింది. ఇంకోటి ఊరింది. అతను మెడ నొప్పి పుట్టేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాడు. చుక్కకీ చుక్కకీ మధ్య వ్యవధి పెరుగుతూ పోయి, చివరికి కారడం ఆగింది. ఆగిన చోట తడిలో సన్నటి బుడగ ఒకటి కనబడి, లోపలికి పీల్చుకుపోయింది. గాలి!

వేడి మీద ఇనుమూ రబ్బరూ ఉబ్బి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటున్నాయి. చల్లారేటప్పుడు పట్టు వదులుతున్నాయి. ఆ కాసేపే కారుతోంది, కారినంత కారి గాలిని మింగుతోంది. కారింది కింది రేకులో పడి మర్నాడు నడిచే వేడికి ఆవిరైపోతుంటే, తెల్ల టైల్స్ మీద మరకెక్కడి నుంచి వస్తుంది? లోపల గాలి చేరిన ఇంజను వేడెక్కక ఏం చేస్తుంది?

ఇన్నాళ్ళుగా ఆ కారు అతని ఎదుట ఒక్కసారి కూడా దానంతట అది చల్లారలేదు. కాలుతూ వచ్చేది, నీళ్ళు కొట్టించుకునేది, రేకు కప్పుకుని వెళ్ళిపోయేది. చల్లారడమంతా వేరేవాళ్ళ ఇంట్లో జరిగింది.

దొరికినందుకు భిక్షపతికి సంతోషం కలగలేదు. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఒళ్ళంతా పులిసిపోయినట్టు అలసట కమ్ముకుంది. గుంత గోడకి ఆనుకుని ఊరికే కూర్చున్నాడు.

పైన ఉస్తాద్ లేచిన చప్పుడైంది. ఇంజను మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. తర్వాత గుడ్డ మీద తడుముకుని, చూడకుండానే సరైన పానా తీశాడు.

"చల్లారింది," అన్నాడు గుంత వైపు వంగి. "రా, విప్పుదాం."

భిక్షపతి టార్చి ఆర్పేశాడు.

ఉస్తాద్‌కి కళ్ళు కనబడవు. చుక్కలు చూసింది తానొక్కడే. ఇప్పుడు నోరు మూసుకుంటే ఖాయంగా అన్న మాట ఖాయంగానే నిలబడుతుంది. ఇంజను విప్పి, ఎప్పుడో గాస్కెట్ వచ్చాక మళ్ళీ బిగించి, ఆ సందడిలో ఈ రబ్బరు పైపు కూడా మార్చేస్తే బండి బాగవుతుంది. భిక్షపతి చెప్పిందే నిజమైందని చంద్రహాస్‌గారు పదిమందికీ చెప్తాడు. షెడ్డు మూసేసి పోయేవాడికి పోతూ పోతూ ఆ మాత్రం పేరు మిగిలితే తప్పేముంది?

ఈ ఆలోచన నిజంగానే వచ్చింది అతనికి. ఒకసారి కాదు, తిరిగి తిరిగి వచ్చింది.

పైన పానా బోల్టుని పట్టుకున్న చప్పుడు వినబడింది. "తిప్పనా?" అన్నాడు ఉస్తాద్.

"వద్దు ఉస్తాద్."

"ఏం?"

"గాస్కెట్ కాదు." గుంతలో అతని గొంతు ఎవరిదో గొంతులా వినిపించింది. "నేను చూడలే. చూసిన అని అబద్ధం చెప్పిన."

ఉస్తాద్ పానాని బోల్టు మీంచి తీసి గుడ్డ మీద పెట్టాడు. గాస్కెట్ కాకపోతే మరేమిటని అడగలేదు. మళ్ళీ టైరు మీద కూర్చుని, దాహం వేస్తోందన్నాడు. భిక్షపతి పైకొచ్చి కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆయన తాగుతుండగానే చంద్రహాస్‌గారికి ఫోన్ చేశాడు. తర్వాత చేద్దామనుకుంటే చెయ్యలేనని అతనికి తెలుసు.

"సార్, నేను చెప్పింది తప్పు. ఇంజన్ల ఏం లేదు. ఒక పైపు కాడ కారుతున్నది."

అవతల టైల్స్ దించుతున్న చప్పుడు వినబడింది.

"మరి గట్ల ఖాయంగ చెప్పినవ్ కదా భిక్షపతీ?"

"తెల్వక చెప్పిన సార్."

తిట్టినా బాగుండుననిపించింది భిక్షపతికి.

"నేనొక వారం నుంచి నిద్రపోలే తెల్సా," అన్నాడాయన. మొదటిసారి ఆ గొంతులో కరుకుదనం వినబడింది. "దాన్ని ముక్కలు చేస్తరంటే నాకెట్లుంటదో నీకేం తెల్సు?"

"తప్పయింది సార్."

"రేపు రానా?"

"రేపొద్దు సార్. పైపు ఏసి, మల్ల వేడి చేసి, మల్ల చల్లారేదాక చూడాలె. ఎల్లుండి రాండి."

ఆయన సరే అనలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేశాడు. ఇక ముందు ఆయన తనను నమ్ముతాడో లేదో భిక్షపతికి అర్థం కాలేదు. నమ్మకపోయినా అనడానికేమీ లేదు.

ఉస్తాద్ లేచి గోడ పట్టుకున్నాడు. భిక్షపతి భుజం ఇవ్వబోతే వద్దన్నాడు, వెళ్ళే దారి తనకు తెలుసన్నాడు. గుమ్మం దాకా వెళ్ళాక శిష్యుడు ఆగలేక అడిగాడు.

"ఉస్తాద్, చల్లారేటప్పుడు కారుతదని మీకు ముందే తెల్సా?"

ముసలాయన ఎండలో నిలబడి ఆ మాట గురించి ఆలోచించాడు. తెలుసు అంటే సరిపోయేది. శిష్యుడు జీవితాంతం అందరికీ చెప్పుకునేవాడు.

"నాకేం తెల్సు బేటా," అన్నాడు. "వేడి మీద ఏదీ విప్పొద్దని తెల్సు. గంతే."

చెప్పులు ఈడ్చుకుంటూ సందులోకి మళ్ళాడు. భిక్షపతి అక్కడే నిలబడిపోయాడు. నీడలు అవతలి గోడెక్కాయి. ఫోన్ మోగింది. యాదయ్య.

"ఏమంటవ్ బావా? మా సారు అడుగుతున్నడు. ఔననాల్నా, కాదనాల్నా?"

"ఇయ్యాల ఏమనను యాదయ్యా," అన్నాడు భిక్షపతి. "మస్తు అలిసిపోయి ఉన్న."